బెయిల్ వచ్చినా షూరిటీ లేక జైల్లోనే ఉంది. అసలు ఇలాంటి ఆడవాళ్లకి జైలెందుకు?

బర్కత్‌పుర_శాంత అడిగారు:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అపార్ట్‌మెంట్లో నాలుగైదు ఇళ్లల్లో పని చేసే ఒకామె ఉంది, అసలు పేరు చెప్పను, యాదమ్మ అనుకోండి. పైఫ్లోర్ వాళ్లింట్లో గొలుసు పోయింది, కంప్లైంట్ ఇచ్చారు, పోలీసులు వచ్చి ముందు ఆమెనే తీసుకెళ్లారు, రిమాండ్ అయింది, ఇప్పుడు చంచల్‌గూడ ఆడవాళ్ల జైల్లో ఉంది. గొలుసు దొరకలేదు. ఆమె తీసిందో లేదో నాకు తెలీదు, తియ్యలేదనే నా నమ్మకం, కానీ ఇప్పుడు నా బాధ అది కూడా కాదు. బెయిల్ ఎప్పుడో వచ్చింది. ఇద్దరు షూరిటీలు, అంటే ఆమెకి పూచీ పడే మనుషులు కావాలన్నారు. మొగుడు ఎప్పుడో వదిలేసి ఇంకో సంసారం పెట్టుకున్నాడు, తమ్ముడు నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెలో కూలి చేస్కుంటాడు, వాడి పేరు మీద ఏమీ లేదు. అంతే, కాగితం మీద బెయిల్ ఉంది, మనిషి లోపలుంది.

ఎనిమిదో క్లాసు చదివే కూతురు ఉంది. గోల్నాకలో పక్కింటివాళ్ల దగ్గర పడుకుంటోంది. సాయంత్రం స్కూల్ యూనిఫామ్‌తోనే వచ్చి రెండిళ్లల్లో వాళ్లమ్మ చేసే అంట్లు తోముతోంది, వద్దే తల్లీ చదువుకో అంటే "మా అమ్మ వచ్చేసరికి పని ఇండ్లు పోతయ్ ఆంటీ, వేరే వాళ్లను పెట్టుకుంటరు" అంటది. ఏం చెప్పాలి ఆ పిల్లకి.

ఇదే టైంలో మా అమ్మాయి ఎంఏ క్లాసులో జైళ్ల రద్దు ఉద్యమం గురించి చదువుతోంది, ప్రిజన్ అబాలిషన్ అంటారంట, అమెరికాలో పెద్ద చర్చ అంట. జైళ్లని బాగుచేయడం కాదు, అసలు జైళ్లే అక్కర్లేని సమాజం కోసం పని చేయాలి అనేది వాళ్ల మాట. మొదట విన్నప్పుడు ఇదెక్కడి విడ్డూరం అనుకున్నా, కానీ యాదమ్మ విషయం చూశాక రాత్రిళ్లు అదే ఆలోచన, ఈమెని లోపల పెట్టడం వల్ల ఎవరికి ఏం ఒరిగింది? గొలుసు పోయినవాళ్లకి గొలుసు రాలేదు కదా.

రెండు అడుగుతున్నా. ఒకటి, యాదమ్మ కోసం ఇప్పుడు ఏం చేయొచ్చు. రెండు, మన దగ్గర, మన హైదరాబాద్‌లో, ఈ జైళ్లు వద్దు అనే మాటకి అర్థం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకోటు_నాంపల్లి:

శాంత గారూ, క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ నాది. ముందు మీ మొదటి ప్రశ్న చూద్దాం, ఎందుకంటే దానికి జవాబుంది.

ఆమె మీద పెట్టింది పనిచేసే ఇంట్లో దొంగతనం సెక్షన్ అయ్యుంటది, బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 306, గరిష్ఠంగా ఏడేళ్లు. ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో ఆటోమేటిక్‌గా అరెస్ట్ చేయొద్దు, ముందు నోటీసివ్వాలి, అరెస్ట్ చేస్తే ఎందుకు అవసరమో కారణాలు రాయాలి అని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. పనిమనుషుల కేసుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, అడిగేవాళ్లు ఉండరు కాబట్టి.

సరే అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు షూరిటీ సంగతి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు క్లియర్‌గా డైరెక్షన్స్ ఇచ్చింది. బెయిల్ వచ్చాక ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ సెక్రటరీకి చెప్పాలి, వాళ్లు మనిషిని పంపి ఎందుకు ఆగిందో కనుక్కోవాలి. నెలలోపు బాండ్లు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే కండిషన్ తగ్గించే సంగతి చూడొచ్చు. లోకల్ షూరిటీయే కావాలని పట్టుబట్టడం వల్లే విడుదలలు ఆగుతున్నాయని కూడా అందులోనే ఉంది. ఇది కొత్తేం కాదండి, 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఇదే చెప్పారు, ఒక తాపీమేస్త్రీని పదివేలకి షూరిటీ తెమ్మంటే ఎక్కడ్నుంచి తెస్తాడని.

కాబట్టి మీరు చేయాల్సింది: 15100కి ఫోన్ చేయండి, లీగల్ ఎయిడ్ నంబర్ అది. లేదా పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు బిల్డింగ్స్‌లో ఉన్న లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుకి నేరుగా వెళ్లండి. ఆడవాళ్లకి, కస్టడీలో ఉన్నవాళ్లకి లాయర్ ఫ్రీ, ఆదాయం ఎంత అని అడగరు, 1987 చట్టం సెక్షన్ 12 అది. షూరిటీ బదులు సొంత పూచీకత్తు మీద వదలమని, లేదంటే కండిషన్ తగ్గించమని పిటిషన్ వేయమనండి. ఇంకోటి, 2023లో కేంద్ర ప్రభుత్వం పేద ఖైదీల కోసం ఒక స్కీం పెట్టింది, అప్పటి నిబంధనల ప్రకారం విచారణ ఖైదీకి 40,000 దాకా, ఫైన్ కట్టలేక ఆగిపోయిన శిక్ష ఖైదీకి 25,000 దాకా ప్రభుత్వమే కడుతుంది. దాని గురించి కూడా అడగండి. అడక్కపోతే మాత్రం అది జీవో దగ్గరే ఆగిపోద్ది.

ఛార్జిషీటు వేశారా? ఇలాంటి కేసులో అరవై రోజుల్లో వేయకపోతే ఆమెకి బెయిల్ హక్కుగా వస్తది. బెయిల్ ఇప్పటికే వచ్చింది కాబట్టి అది వేరే సంగతి అనుకోండి, కానీ డేట్లు మాత్రం రాసిపెట్టుకోండి.

రవి_కూకట్‌పల్లి:

యాదమ్మ గారి విషయంలో మనస్ఫూర్తిగా బాధగా ఉంది, షూరిటీకి డబ్బులు పోగేస్తే నేనూ వేస్తా. కానీ జైళ్లే వద్దు అనే మాట నేను ఒప్పుకోను అండి. నాకు ఇద్దరు ఆడపిల్లలు. 2019లో శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగినప్పుడు ఈ ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. అలాంటివాళ్లని ఎక్కడ పెడతారు? వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడతారా? రద్దు అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి, కోపంగా అడగట్లేదు, నిజంగానే అడుగుతున్నా.

ఫ్రీమాంట్_మాధవి:

రవి గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. నేను పుట్టి పెరిగింది మలక్‌పేట, ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నా, ఇక్కడ ఖైదీ ఆడవాళ్లకి ఉత్తరాలు రాసే ఒక గ్రూపులో చాన్నాళ్లుగా ఉన్నా కాబట్టి కొంచెం చెప్తా.

మా ఇంటికి దగ్గర్లోనే డబ్లిన్ అనే ఊళ్లో ఆడవాళ్ల ఫెడరల్ జైలుండేది. అక్కడ వార్డెనే, అంటే జైలు మొత్తానికి పెద్ద, ఖైదీల మీద లైంగిక అత్యాచారాలు చేశాడని 2022 డిసెంబర్‌లో కోర్టులో రుజువైంది, ఇంకా చాలామంది స్టాఫ్ మీద కూడా కేసులు పడ్డాయి. ఆడవాళ్లని కాపాడ్డానికే జైళ్లు కావాలి అన్నప్పుడు నాకు ఆ జైలే గుర్తొస్తది. అక్కడ గోడ లోపలున్న ఆడవాళ్లని ఎవరు కాపాడాలి? 2024 ఏప్రిల్‌లో ఆ జైలు మూసేశారు. మేం సంబరపడాలి కదా, పడలేకపోయాం, ఎందుకంటే వాళ్లని ఇళ్లకి పంపలేదు, బస్సులెక్కించి వేరే రాష్ట్రాల జైళ్లకి తోలారు, పిల్లలకి ఇంకా దూరం అయ్యారు. అందుకే రద్దు అంటే బిల్డింగుకి తాళం వేయడం కాదు, లోపలున్న మనిషి ఎక్కడికి వెళ్తుంది, ఏం తింటుంది, ఎవరి దగ్గరుంటుంది అనేదంతా అందులో భాగమే.

ఇంకోటి చెప్పాలి, శాంత గారి పోస్టు చదివినప్పట్నుంచీ అదే తిరుగుతోంది బుర్రలో. ఈ జైళ్ల రద్దు ఉద్యమంలో అందరికీ తెలిసిన పేరు ఏంజెలా డేవిస్, అమెరికా నల్లజాతి నాయకురాలు. 1970లో ఆవిణ్ని అరెస్ట్ చేసి ముందు న్యూయార్క్‌లో నడిబజార్లో ఉన్న ఆడవాళ్ల డిటెన్షన్ హౌస్‌లో పెట్టారు. అక్కడ ఎక్కువమంది చిన్న చిన్న కేసుల్లో బెయిల్ డబ్బులు కట్టలేక మగ్గుతున్నవాళ్లే. లోపలి ఆడవాళ్లు, బయటి ఆడవాళ్లు కలిసి బెయిల్ ఫండ్ పెట్టారు, ముందు ఎవర్ని విడిపించాలో లోపలున్నవాళ్లే తేల్చుకునేవాళ్లు. ఆవిడ 1972లో నిర్దోషిగా బయటికొచ్చారు. ఆ జైలు తర్వాత కూల్చేశారు, ఇప్పుడక్కడ పూలతోట ఉంది. కానీ అక్కడివాళ్లని కూడా రైకర్స్ ఐలాండ్ అనే ఇంకో జైలుకే మార్చారు, అది కూడా చెప్పాలి కదా.

అంటే ఇంత పెద్ద మాట మాట్లాడేవాళ్లు కూడా మొదలుపెట్టింది షూరిటీ దగ్గరే. శాంత గారు ఇప్పుడు నిలబడ్డది కూడా అక్కడే.

రవి_కూకట్‌పల్లి:

అర్థమైంది మాధవి గారూ, కానీ దిశ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నల్లకోటు_నాంపల్లి:

రవి గారూ దానికి నేను చెప్తా. ఆ కేసు కోర్టు విచారణ దాకా కూడా పోలేదు కదా. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నిందితులు నలుగుర్నీ పోలీసులు కాల్చేశారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు, నేను టీవీలో చూస్తూ కూర్చున్నా. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన రిపోర్టులో పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదు, కావాలనే కాల్చారని తేల్చింది. ఆ ఆడపిల్లకి నిజంగా ఏం జరిగిందో కోర్టులో సాక్ష్యంతో తేలే దారి ఆ పొద్దే మూసుకుపోయింది. అదే హైదరాబాద్‌లో 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ఆడమనిషిని చెరిచి, ఆమె భర్తని కొట్టి చంపారని ఊరు ఊరంతా రోడ్ల మీదికొచ్చింది, కర్ఫ్యూ పెట్టాల్సొచ్చింది. 2021 జూన్‌లో ఒకళ్లింట్లో వంటపని చేసే దళిత మహిళని దొంగతనం అనుమానం మీద అడ్డగూడూరు స్టేషన్‌కి తీసుకెళ్తే, శవమై బయటికొచ్చింది, ఎస్సైని ఇద్దరు కానిస్టేబుళ్లని డిస్మిస్ చేశారు. మళ్లీ పనిమనిషే, మళ్లీ దొంగతనమే. యాదమ్మ గురించి చదవంగనే నాకు ముందు భయమేసింది అందుకే.

నేను రద్దువాదిని కాదు. ప్రమాదకరమైన మనుషులు ఉంటారు, వాళ్లని ఆపాలి. కానీ లోపల ఎవరున్నారో చూడండి. ఎన్‌సీఆర్‌బీ (నేరాల, జైళ్ల లెక్కలు తీసే కేంద్ర సంస్థ) 2022 లెక్క ప్రకారం దేశంలో ఉన్న 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది శిక్ష పడనివాళ్లు, విచారణ ఖైదీలు. ఆడవాళ్లు 23,772 మంది, వాళ్లల్లో 1,537 మంది దగ్గర పిల్లలు కూడా లోపలే ఉన్నారు, ఆ పిల్లలు 1,764 మంది. మీరు భయపడే మనిషి కోసం కట్టిన గోడల మధ్య నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్లు. ముందు వీళ్లని పంపిద్దాం, మిగిలినవాళ్ల గురించి అప్పుడు కొట్లాడుకుందాం, నా లెక్క అది.

పేరు_వద్దు:

నేను ఎప్పుడూ ఇక్కడ రాయలే, చదువుతా అంతే. ఈ పోస్టు చూసి రాస్తున్న. నేను లోపల ఉండొచ్చిన. ఏ కేసు, ఏ జైలు చెప్ప. కేసు కొట్టేసిన్రు తర్వాత, నా మీద ఏం లేదని.

అందరు లోపల కొడతరా తిండి పెడతరా అని అడుగుతరు. తిండి పెడతరు. నాకు కష్టమైంది వేరే. ములాఖత్ రోజు, అంటే ఇంటోళ్లు చూడనీకి వచ్చే రోజు, ఎవరికోసం వచ్చిన్రో వాళ్ల పేర్లు పిలుస్తుంటరు. మగోళ్ల జైలు బయట చూస్తే తల్లులు, పెండ్లాలు, చంకల పిల్లలతోని లైన్ కడ్తరు, టిఫిన్ డబ్బా, బట్టలు, వకీలు ఫీజుకు పుస్తెలు కుదువ వెట్టినోళ్లు గుడ ఉంటరు. మా దిక్కు ఎవ్వరు రారు. ఆడది జైలుకు పోతే ఆ ఇంటికి ఆమె సచ్చిపోయినట్టే. నా కొడుక్కు అమ్మ దుబాయ్ పోయింది పనికి అని చెప్పిన్రు మావోళ్లు. వాడు చానా రోజులు దుబాయ్ చాక్లెట్లు ఏవి అని అడిగిండంట.

ఇంట్లకెల్లి పైసలు పంపితెనే క్యాంటీన్ల సబ్బు, నూనె, బిస్కెట్లు కొనుక్కుంటరు. పైసలు రానోళ్లు వేరే వాళ్ల బట్టలు పిండి సబ్బు తీస్కుంటరు. మా బ్యారక్ల ఒక పెద్దమ్మ ఉండె, అడవి దిక్కు నుంచి గంజాయి మూట తెస్తుంటె రైల్వే స్టేషన్ల దొరికింది, మూట ఎవరిదో ఆమెకు గుడ సరిగ తెల్వదు, బండెక్కించినోడు పైసలిస్త అన్నడు అంతే. వాడు దొరకలే. ఆమెకు తెలుగు గుడ సగం సగమే వచ్చు, కోర్టుకు తీస్కపోయినప్పుడల్లా వాయిదా తారీఖు చెయ్యి మీద పెన్నుతోని రాయించుకొని వచ్చేది, స్నానం చేస్తె పోతదని ఆ చెయ్యి నీళ్లల్ల పెట్టకపొయ్యేది. నన్ను చూపించి చదివించుకునేది, ఎన్ని రోజులున్నయ్ బిడ్డా అని.

నేను బయటికొచ్చినంక మా అత్త వాకిట్లనే తల మీదికెల్లి నీళ్లు పోసి అప్పుడు లోపలికి రానిచ్చింది. పని అడిగితె పోలీస్ వెరిఫికేషన్ అంటరు. కొట్టేసిన కాగితం చూపిస్తె, అయినా సరే అమ్మా వద్దులే అంటరు.

శాంతక్కా, యాదమ్మను చూసి రా. ఏం తీస్కపోకున్నా సరే, ఆమె పేరు పిలిచేటట్టు చెయ్యి.

బర్కత్‌పుర_శాంత:

ఈ మాట చదివి లేచి కాసేపు బాల్కనీలో తిరిగొచ్చా. వెళ్తా అమ్మా. కచ్చితంగా వెళ్తా. ధైర్యం చేసి రాసినందుకు దండం.

హన్మకొండ_అన్న:

నేను వేరే దిక్కు నుంచి మాట్లాడతా, ఎవరూ ఏమనుకోవద్దు.

మా చెల్లె కట్నం కోసం కాలిపోయింది. అత్త, ఆడబిడ్డ ఇద్దరూ జైలుకి పోయిన్రు. ఆడవాళ్ల జైళ్లల్ల ఇలాంటి కేసుల వాళ్లు చానామందే ఉంటరు, ఆ సంగతి ఎవరూ రాయలే ఇక్కడ. వాళ్లకు శిక్ష పడ్డ రోజు మా అమ్మ ఒక్కపూట అన్నం తిన్నది సరిగ్గ. మీరు జైలు వద్దంటే మా అమ్మకు ఏం ఇస్తరు? ప్రభుత్వం మాకు ఏమిచ్చింది, పరిహారమా, పలకరింపా? ఆ ఒక్క తీర్పు కాగితం తప్ప ఇంకేం ఇయ్యలే. అది గుడ వద్దంటే ఎట్ల.

కానీ నిజం చెప్పాలంటే, ఆ ఆడబిడ్డ కడుపుతోని పోయింది లోపలికి. ఆ పిల్ల లోపలే పెరిగింది కొన్నేండ్లు. ఆ పిల్ల మీద నాకు ఏ కోపం లేదు.

ఫ్రీమాంట్_మాధవి:

అన్నా, మీ అమ్మగారికి జైలు వద్దని చెప్పే నోరు నాకు లేదు. నేను ఉద్యమంలో నేర్చుకున్నదాంట్లో నాకు గట్టిగా నమ్మకం ఉన్న మాట ఒకటే, మీ చెల్లెలు ఆ ఇంట్లో మొదటిసారి దెబ్బ తిన్న రోజున ఆమె వెళ్లి తలదాచుకునే చోటు, చేతిలో డబ్బు, వెంట నిలబడే మనుషులు ఉండుంటే అక్కడిదాకా వచ్చేది కాదు. పుట్టింటివాళ్లు సర్దుకుపో అంటారు, స్టేషన్లో కౌన్సెలింగ్ చేసి పంపిస్తారు, చివరికి మనిషి పోయాక జైలు తలుపు తెరుస్తారు. పైసలన్నీ ఆ ఆఖరి తలుపు మీదే పెట్టొద్దు అంటాం మేం. మీ నష్టానికి ఇది జవాబు కాదు అన్నా, తెలుసు నాకు.

నల్లకోటు_నాంపల్లి:

హన్మకొండ అన్న చెప్పిన పిల్ల గురించి ఒక్క మాట. తల్లితో పాటు ఆరేళ్ల దాకా పిల్లలు జైల్లో ఉండొచ్చు, వాళ్లని ఖైదీలుగా చూడకూడదు, తిండి, వైద్యం, చదువు, ఆటలు హక్కుగా ఇవ్వాలి, కాన్పు వీలైనంత వరకు బయట ఆస్పత్రిలోనే జరగాలి, బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టినచోటు జైలు అని రాయకూడదు. ఇది 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం మీద వేసిన కేసే.

అలాగే ఆడవాళ్లకి బెయిల్ విషయంలో ప్రత్యేకంగా చూడమని చట్టంలోనే ఉంది, పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 437, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ 480. మనీలాండరింగ్ చట్టంలో కూడా ఇలాంటి మినహాయింపే ఉంది, 2024 ఆగస్టులో రాజకీయ నాయకురాలు కల్వకుంట్ల కవిత గారికి సుప్రీంకోర్టు బెయిల్ ఇస్తూ దాన్నే ఎత్తి చూపింది. మంచి తీర్పు, ఎవరి పార్టీ ఏదైనా అది ఆడవాళ్లందరికీ పనికొచ్చే తీర్పు. పేరు_వద్దు గారు చెప్పిన ఆ పెద్దమ్మ దాకా అది చేరడమే కష్టం, గంజాయి ఇరవై కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం సెక్షన్ 37 బెయిల్‌కి అడ్డం పడుతుంది, కనీస శిక్షే పదేళ్లు. మూట మోసినామెకీ మూట సొంతదారుకీ ఒకటే సెక్షన్. జైళ్ల గురించి మార్చాల్సిన చట్టం ఏదైనా ఉందంటే నేను ముందు అదే అంటా.

శిక్ష పడనివాళ్లు మొదటిసారి కేసైతే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపాక వదలాలని బీఎన్ఎస్ఎస్ 479 చెప్తోంది, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు, ఒకటికి మించి కేసులున్నవాళ్లు తప్ప. దానికి పిటిషన్ పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్ మీదే పెట్టారు. 2024 జులైకి ముందు కేసులకి కూడా వర్తిస్తుందని కోర్టు చెప్పింది. మీ చుట్టాల్లో తెలిసినవాళ్లల్లో ఎవరైనా ఉంటే ఈ సెక్షన్ నంబర్ రాసుకోండి.

రవి_కూకట్‌పల్లి:

నా అభిప్రాయం మొత్తం మారిందని చెప్పలేను, జైలు ఉండాలనే అంటా. కానీ నలుగురిలో ముగ్గురు అనే లెక్క నాకు తెలీదు నిజంగా. శాంత గారూ, కూకట్‌పల్లిలో మాకు సొంత ఇల్లుంది, ఇంటి పన్ను రసీదు నా పేరు మీదే ఉంది. ఆమెకి షూరిటీగా నేను నిలబడితే చెల్లుతుందా? నల్లకోటు గారూ, ఒకవేళ ఆమె వాయిదాకి రాకపోతే నా మీద ఏం పడుతుంది, అది కూడా చెప్పండి, ఇంట్లో అడుగుతారు.

నల్లకోటు_నాంపల్లి:

చెల్లుతుంది. పన్ను రసీదు, ఇంటి కాగితాల జిరాక్సులు, ఆధార్, ఫొటోలు పట్టుకుని మీరే కోర్టుకి రావాలి, జడ్జి గారు ఒకట్రెండు అడుగుతారు, ఆమె మీకెలా తెలుసని తప్పకుండా అడుగుతారు. తెలీకుండా తెలుసని చెప్పొద్దు, శాంత గారి ద్వారా తెలుసని నిజమే చెప్పండి. ఆమె వాయిదాకి రాకపోతే మీకు నోటీసొస్తుంది, బాండ్‌లో రాసిన మొత్తం వరకే మీ బాధ్యత.

శాంత గారూ, ములాఖత్‌కి ఆధార్ ఒరిజినల్ పట్టుకెళ్లండి, ముందురోజు ఫోన్ చేసి టైమింగ్స్ కనుక్కోండి. కేస్ నంబర్, బెయిల్ ఆర్డర్ తేదీ ఆమెని అడిగి రాసుకుని రండి, ఆమెకి తెలీకపోతే జైలు ఆఫీసులో ఉంటుంది. పాపని కూడా తీసుకెళ్లండి.

బర్కత్‌పుర_శాంత:

రవి గారూ మీకెలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. రెండో షూరిటీకి మా వారిని అడుగుతున్నా, ఫ్లాట్ ఆయన పేరు మీదే ఉంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు ఇందులో మనం దూరొద్దు అన్నారు, దూరుతున్నా అని చెప్పా. పాపకి స్కూల్ లేని రోజు చూసుకుని వెళ్తున్నాం, పొద్దున్న పురానీ హవేలీ, అట్నుంచి అటే చంచల్‌గూడ. కేస్ నంబర్ దొరకంగానే ఇక్కడ నల్లకోటు గారికి మెసేజ్ పెడతా.